కింది రేవులో అడగండి

తణుకు దిగువన పారే కాలవ మీద ఏ రేవు కథ ఆ రేవుకుంది. పై రేవులో మునిగిపోయిన వాళ్ళు బతికున్న వాళ్ళని పేరు పెట్టి పిలుస్తారంటారు. వంతెన దగ్గర బట్టలుతికే చప్పుడు వినిపిస్తుంది, ఉతికే మనిషి కనపడదు. గట్టు మీద ఇల్లూ పొలమూ ఉన్న అప్పాజీకి ఇవన్నీ పనిలేని కబుర్లు. ఆయన రేవుకి కథ ఆయన చేతుల మీదుగానే మొదలైంది. అది మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ కాలవ వెంబడి ఊళ్ళన్నింటికీ ఒక పాడు అలవాటుంది. పైనుంచి శవం కొట్టుకొచ్చి రేవులో తగులుకుంటే, పోలీసులూ పంచనామాలూ మన నెత్తికెందుకని గెడకర్రతో ప్రవాహంలోకి నెట్టేస్తారు. కింది ఊరివాళ్ళూ అదే పని చేస్తారు. తప్పనిపించదు. దణ్ణం పెట్టుకునే నెడతారు మరి!

ఒక రోజు తెల్లవారగానే పొలానికి మోటారు వేయడానికి వెళ్తే, పైపు పక్కన ఒక అమ్మాయి బోర్లా తేలుతోంది. ఆకుపచ్చ చుడీదారు, పొడుగు జడ. అప్పాజీ దణ్ణం పెట్టుకుని గెడ అందుకున్నాడు. వీపుకి ఆనించి నెట్టబోతే, నీళ్ళలోంచి చెయ్యి లేచి గెడ కొస పట్టుకుంది.

అప్పాజీ గెడని ఒక్క గుంజు గుంజాడు. చెయ్యి వదిలేసింది. అమ్మాయి కిందికి సాగిపోయింది.

కాలవలో పెరిగే గుర్రపుడెక్క ఏదో గెడకి చుట్టుకుని ఉంటుందిలే అనుకున్నాడు. రోజంతా అదే అనుకున్నాడు. అన్నం మాత్రం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే పై ఊరి నుంచి వీరవేణి అనే ఆవిడ ఫోన్లో ఫొటో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“మా పాపండీ. నిన్న చీకటితోనే రేవులో కాలు జారిందండీ. దానికి కాస్త ఈతొచ్చు, ఎక్కడో ఎవరో ఒకరు చెయ్యందించే ఉంటారు. మీరేమైనా చూశారాండీ?”

“లేదమ్మా, చూళ్ళేదు. కింది రేవులో అడగండి.”

లోపల్నుంచి ఆయన కూతురు హారతి స్కూటీ తాళాలతో వచ్చింది. తణుకులో ఉద్యోగం. కొత్త చుడీదారు వేసుకుంది, ఆకుపచ్చది.

“ఆ రంగు వద్దమ్మా, మార్చుకో.”

“టైమైపోతోంది నాన్నా!”

వీరవేణి ఆ పిల్లని కళ్ళారా చూసి, “చల్లగా ఉండమ్మా” అని గట్టు వెంట కిందికి నడిచింది. నిజం చెప్పేస్తే పోయేది, ఇప్పుడైనా పిలుద్దామా అనుకున్నాడు అప్పాజీ. పిలవకుండానే తలుపేసుకున్నాడు.

సాయంత్రం హారతి రాలేదు. ఫోను మోగలేదు. తమ రేవుకి కాస్త దిగువన, గట్టు అంచున స్కూటీ పడి ఉందని ఎవరో చెప్పారు. అప్పాజీ చెప్పుల్లేకుండా కింది రేవుకి పరిగెత్తాడు.

అక్కడ ఆ ఊరి రైతు లోకనాథ్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో గెడ తడిగా ఉంది.

“లోకనాథ్, మా అమ్మాయిని చూశావా? ఆకుపచ్చ చుడీదారు...”

“లేదండి, చూళ్ళేదండి. కింది రేవులో అడగండి.”

అప్పాజీ మెట్టు మీద కూలబడి ఆ గెడ కొస పట్టుకున్నాడు.

“ఒక్కటి చెప్పు బాబూ. చెయ్యి లేచిందా?”

లోకనాథ్ గెడ వదిలేసి నీళ్ళవైపు తిరిగాడు.

“గుర్రపుడెక్క అనుకున్నానండీ” అన్నాడు.