ఎలుకలకు ఇవ్వని స్ఫటికం

స్పాంజి అనే సముద్రజీవి ఒకటి తన పాటికి తాను ఒక పదార్థం తయారుచేసుకుంటుంది. అది కణితుల్ని కరిగిస్తుందని తెలిసింది కానీ, స్పాంజిలో దొరికేది ఆవగింజంత. అందుకే అక్క ఆ అణువును ప్రయోగశాలలో మొదటి నుంచీ కట్టడానికి పూనుకుంది. అణువులో ఐదు వలయాలు. ఆరేళ్లు పట్టింది. ఈలోగా ఆమె జుట్టు నెరిసింది, తోటివాళ్లు ‘తపస్విని’ అని పేరు పెట్టి వెనకాల నవ్వుకున్నారు. చివరికి సీసా అడుగున సూదిమొనంత స్ఫటికం మెరిసింది. దాన్ని ఎక్స్‌రే తీస్తే తను కట్టింది అచ్చం స్పాంజి కట్టినదేనని రుజువవుతుంది, డాక్టరేట్ చేతికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఎక్స్‌రే యంత్రం చెడిపోయి రిపేరుకు వెళ్లింది. ఆమె అదృష్టం అలాంటిది మరి.

ఎదురుబల్ల చెల్లెలిది. వేలు పట్టుకుని పని నేర్పింది అక్కే. చెల్లెలికి ఓపిక లేదు, బుర్ర ఉంది. అక్క గీసిన బొమ్మ ముందు పెట్టుకుని మూడు వలయాలు కొట్టేసి, రెండే ఉంచి, వారంలో తయారయ్యే బుజ్జి అణువును చేసింది. డబ్బాలకొద్దీ చేసి పెట్టింది కూడా. మందంటే జనానికి అందేంత తయారవ్వాలి కదా. అది అక్కకూ తెలుసు. ఆమెను చంపుకుతిన్నది ఆ కొట్టేసిన మూడు వలయాలే.

“రెండూ ఎలుకలకిచ్చి పక్కపక్కన పెట్టి చూద్దాం,” అన్నారు ల్యాబ్ పెద్ద సారు. “నీ దగ్గరున్నదంతా కరిగించి ఇచ్చెయ్యమ్మా.”

“ఎక్స్‌రే అయ్యాక ఇస్తాను సార్.”

“ఎలుకలు సోమవారానికి సిద్ధం. నీ డాక్టరేట్‌తో వాటికేం పని?”

అందరూ పగలబడి నవ్వారు.

“ఇచ్చెయ్యక్కా, కావాలంటే మళ్లీ చేసుకోవచ్చులే,” అంది చెల్లెలు.

మళ్లీనట! అక్కకు ఒళ్లు మండిపోయింది. అందరూ భోజనానికి వెళ్లగానే చెల్లెలి డబ్బాలోంచి రవ్వంత తెల్లపొడి తీసి, తూచి, కరిగించి, తన అణువు పేరు రాసిన సీసాలో పోసింది. స్ఫటికాన్ని బుల్లి సీసాలో పెట్టి అల్మరా వెనక్కి తోసింది. వాళ్లు తిరిగొచ్చాక స్ఫటికం ఇదివరకు ఉన్న పాత సీసాను ఖాళీ అని బోర్లించి చూపించింది. కన్నీళ్లు కూడా పెట్టుకుంది, అవి మాత్రం నిజమైనవే. పరీక్షలో ఏం తేలినా ఫరవాలేదు, రుజువు మిగిలితే చాలనుకుంది. అంత చదువు చదివి, ఏం తేలుతుందో ఆలోచించలేదు పాపం.

నెల తర్వాత సారు ఫలితాలు తెరమీద వేశారు. గ్రాఫులో రెండు అణువుల గీతలూ ఒకదానిమీద ఒకటి పడుకుని ఉన్నాయి. పడుకోక ఏం చేస్తాయి, రెండూ చెల్లెలివే.

“చూశారా! వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మూడు వలయాలూ శుద్ధ దండగ. పెద్ద అణువు పని ఇవాళ్టితో బంద్.” సారు అక్కవైపు తిరిగారు. “ఎక్స్‌రే యంత్రం నిన్ననే వచ్చిందమ్మా. నీ దగ్గర కాస్త మిగిలి ఉంటే నీ డాక్టరేట్ అయినా దక్కేది. ప్చ్.”

నోరు విప్పితే దొంగ, మూసుకుంటే ఓడిన మనిషి. స్ఫటికం బయటపెడితే, మరి ఎలుకలకు ఇచ్చిందేమిటని అడగరూ? అక్క నోరు మూసుకుంది.

చెల్లెలు పరుగున వచ్చి వాటేసుకుంది. “నీది పక్కన లేకపోతే నాది దానికి సమానమని ఎవరు నమ్మేవాళ్లక్కా!”

గది ఖాళీ అయ్యాక అక్క బుల్లి సీసా బయటికి తీసింది. తన అణువు చెల్లెలి అణువుకు పదింతలు మేలో, పనికిమాలినదో, ఇక ఎప్పటికీ తెలియదు. అది ఆమె స్వయంగా చేసుకున్న పని. సీసాలో కాస్త ద్రావకం పోసి ఊపింది. ఆరేళ్ల పని ఇట్టే కరిగిపోయింది. వ్యర్థాల క్యానులో ఒంపేసింది.

“అక్కా, ఇక్కడున్నావా?” చెల్లెలు తలుపులోంచి తొంగిచూసింది. “రేపట్నుంచి నా అణువు నువ్వే చెయ్యాలట. నీ చేతికి తిరుగులేదన్నారు సారు. కిలోల్లో కావాలట.”

అక్క సీసా కడిగి బోర్లించింది.

“ఎన్ని కిలోలు?” అని అడిగింది.