షాకెన్ దూలం

బుర్మకాన్ పొద్దున్నే ఆవు పాలు పితికి, పొయ్యి మీద చాయ్ పడేసి, వాకిట్లో మొద్దుకి గొలుసు రంపం బిగించి ఆకురాయి అందుకుంది. ఊళ్ళో ఏ రంపానికైనా పదును పెట్టేది ఆమే. అడ్డంగా నరికే పన్ను వాలు వేరు, మానుని నిలువునా చీల్చే పన్ను వాలు వేరు. రెండోదాన్ని దాదాపు తిన్నగా రాయాలి. కుడి పళ్ళూ ఎడమ పళ్ళూ సమానంగా తెగాలి. ఒకవైపు మొండిబారితే రంపం రెండోవైపుకి లాగేస్తుంది.

రంపం లాగితే మనిషీ లాగుతాడు. వాళ్ళ ఊరు జిర్గలాన్‌లో మగపిల్లాడు పుట్టగానే తండ్రి ఒక పోప్లార్ మొక్క నాటుతాడు, పెళ్ళీడు రాగానే దాన్ని కోసి ఇంటికి దూలం వేస్తాడు. కోత ఎటు పోతే వాడి నడక అటు పోతుంది. ఆమె మొగుడు షాకెన్ పేరిట నాటిన చెట్టుని దూలంగా కోసిననాడు గొలుసుకి కుడి పళ్ళు మొండివి. అప్పట్నించీ షాకెన్ ఎటు బయల్దేరినా ఎడమకే తేలతాడు. రొట్టెలకి పంపితే ఎవరి పెళ్ళిలోనో కూర్చుని మాంసం తింటుంటాడు. ఎదురైనవాళ్ళు భుజం పట్టుకుని ఇంటివైపు తిప్పుతారు, అంతే.

బుర్మకాన్ బెంగ రొట్టెల గురించి కాదు. పెళ్ళికి ముందు అతను పిల్లని అడగడానికి చెవిపోగులు జేబులో వేసుకుని, సోనున్ అనే పిల్ల ఇంటి పొగగొట్టం కేసి మొహం పెట్టి బయల్దేరడం ఊరంతా చూసింది. వచ్చి తేలింది మాత్రం బుర్మకాన్ గుమ్మంలో. నాకోసం వచ్చాడా, దారి తప్పి వచ్చాడా? ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అడగడానికి ఆమెకి నోరు రాలేదు. కాలు నిలిచిందీ లేదు, కంటినిండా నిద్రా లేదు.

ఈ వేసవిలో కప్పు కారుతోందని దూలం దించారు. తిన్నగా కోసి మళ్ళీ ఎక్కిద్దామన్నాడు మరిది తుర్సునాలి. పొద్దున బుర్మకాన్ పదునుపెట్టిన రంపం తీసుకుని మొదలుపెట్టాడు. సగం కోసేసరికి లోపల్నించి కీచుమని నిప్పురవ్వలు లేచాయి.

"మేకు వదినా! ఎవడో మహానుభావుడు గుర్రాన్ని కట్టుకుని పోయాడు!"

ఆ ఊళ్ళో చెట్టు కనబడితే చాలు, గుర్రానికి మేకు దిగ్గొడతారు. చెట్టు దాన్ని మింగేశాక అందరూ మర్చిపోతారు. గొలుసు చూస్తే కుడి పళ్ళన్నీ మొండిబారాయి.

"ఇలాగే లాగించెయ్యనా? కాస్త ఎడమకి పోతుంది. అన్నకి అలవాటేగా," అని నవ్వాడు తుర్సునాలి.

బుర్మకాన్ గొలుసు కేసి చూసింది. ఊఁ అంటే చాలు, తప్పు మేకుది. షాకెన్ ఎప్పట్లాగే తేలుతూ ఉంటాడు, సోనున్ గుమ్మం ఎప్పటికీ అందదు. విధవరాలైన సోనున్ వాకిట్లో బట్టలు ఆరేస్తూ ఇక్కడికి కనబడుతూనే ఉంది.

"ఇటియ్యి," అంది.

ఒక్కో పన్నూ రాసింది. మొండివాటికి సమానం చెయ్యడానికి బాగున్నవాటినీ అరగదీసింది. చీరుకుపోయిన వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ రాసింది. ఏడుపొచ్చింది గానీ ఆకురాయి ఆగలేదు. మేకు పెరికేసి తుర్సునాలి మిగతా సగం కోశాడు. దూలం దారం పట్టినట్టు వచ్చింది.

పాక దగ్గర గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డ షాకెన్ కాళ్ళకేసి చూసుకున్నాడు. పగ్గం వదిలేసి అడుగేశాడు. బాణంలా నడిచాడు, ఆమె వైపు కాదు, తన కుడికి, సోనున్ ఇంటివైపే. బుర్మకాన్ కళ్ళు మూసుకుంది.

దభీమని చప్పుడైంది. షాకెన్ నీళ్ళ పీపాకి గుద్దుకుని మోకాలు పట్టుకుని ఎగురుతున్నాడు.

"ఏమయ్యా, కళ్ళు కనబడట్లా? ఎక్కడికి?"

"నీ దగ్గరికేనే! నీ దగ్గరికి రావాలంటే కుడికి గురిపెట్టి నడవాలిగా. పాడలవాటు!"

"ఎప్పట్నించి అలవాటు?"

"చెవిపోగులు తెచ్చిన రోజునించి. సోనున్ పొగగొట్టం కేసి నడిస్తే సరిగ్గా నీ గుమ్మంలో తేలతానని ముందురోజు నడిచి చూసుకున్నాను."

"మరి రొట్టెలకి పంపితే?"

"రొట్టెలకోసం అంత గురి ఎవడు చూస్తాడే?"

తుర్సునాలి పగలబడి నవ్వాడు. బుర్మకాన్ నవ్వలేదు. ఆకురాయి కిందపెట్టి, రంపప్పొట్టులోనే చతికిలబడి, కుంటుకుంటూ తిన్నగా తనవైపే వస్తున్న మొగుణ్ణి చూస్తూ కూర్చుంది.