ఉరుకుందమ్మ గడప

రోజూ పొద్దున నందిగామలో డ్రైవరు సిలార్ జీపు తుడిచేలోపు నాగశ్రీ టీ తాగేస్తుంది. తర్వాత ఆ రోజు ఏ వలస కూలీల డేరాకు వెళ్లాలో ఆమె ఫోనులోని ఏఐ చెబుతుంది. నాగశ్రీ పనిచేసే, కూలీల బాగోగులు చూసే సంస్థలో ఇప్పుడు ఎవరికేం కావాలో తేల్చేది అదే. దాన్ని అందరూ 'అమ్మాయి' అంటారు. గొంతు బాగుంటుంది గానీ బొత్తిగా మొహమాటం లేదు.

"జగ్గయ్యపేట దగ్గర మిరప చేలో ఉరుకుందమ్మ. ఇల్లు లేదు. తల్లి కోతకు వెళ్తే నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా ఉంటోంది. పిల్లను ఈ రోజే విజయవాడ ఆశ్రమంలో చేర్చండి" అంది అమ్మాయి.

ఉరుకుందమ్మది కర్నూలు వైపు కోసిగి. ఏటా మిరప కోతలకు వస్తుంది. ఆమె వెనకాలే ఆమె ఇంటి గడప కూడా నడిచి వస్తుంది. వేపచెక్క గడప, పైగా దూరాభారం, అందుకని కాస్త ఆలస్యంగా చేరుతుంది. అది వస్తుంటే పొలం యజమాని జగన్నాథరావు ట్రాక్టరు పక్కకు తీసి దారిస్తాడు. ఉరుకుందమ్మ దానికి పసుపు రాసి డేరా ముందు ఉంచి కోతకు పోతుంది. పిల్ల దాన్ని దాటి రాదు, పాములూ కుక్కలూ దాన్ని దాటి పోవు.

జీపు చూడగానే ఉరుకుందమ్మ చేలోంచి పరిగెత్తుకొచ్చి, డేరాలో దూరి పిల్లకు అడ్డం నిలబడింది.

"పోయినేడు మా ఊరామె పిల్లోన్ని ఇట్లే తీస్కపోయిరి. కోతల సుగ్గి అయిపోయి ఊరికి పోయేటప్పుడు గూడ ఇయ్యల్యా. నా పిల్లను నేనియ్యను మేడం."

నాగశ్రీ జీపు వైపు ఒకడుగు వెనక్కి వేసింది. కానీ అమ్మాయి మాట కాదంటే ఉద్యోగం ఉండదు. "కోతలయ్యేదాకేనమ్మా, నేనే తీసుకొస్తాగా" అంటూ బయటి నుంచే చేతులు చాచింది.

"అయ్యయ్యో, గడపకి అటొకళ్లూ ఇటొకళ్లూ ఉండి ఇచ్చిపుచ్చుకోకూడదండీ!" అన్నాడు సిలార్.

నాగశ్రీ నాలిక్కరుచుకుంది. ఉప్పు పొట్లమే అలా తీసుకోరు, పిల్లనెలా తీసుకుంటుంది? లోపలికి పోదామని కాలెత్తితే గడప నడుమెత్తు లేచింది. డేరా వెనక్కి వెళితే వెనక్కొచ్చింది. పక్కకు వెళితే పక్కకొచ్చింది.

"ఆలస్యమెందుకు?" అంది ఫోను.

"గడప అడ్డంగా ఉందండీ."

అమ్మాయి మాటలు నేర్చింది ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల దగ్గరే, గడపంటే ఏమిటో దానికీ తెలుసు.

"పసుపు రాసి ఉందా?"

"ఉంది."

"పిల్ల గడప లోపలే ఉందా?"

"లోపలే ఉందండీ."

"అయితే ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్న పిల్లను ఆశ్రమానికి పంపడమేమిటి? వచ్చేయండి."

గడప మెల్లగా నేలకు దిగింది. ఉరుకుందమ్మ ఉన్నచోటే కూలబడి భోరుమంది. చేతులకు మిరప ఘాటు, కళ్లు తుడుచుకునే వీల్లేదు. పిల్లే గౌను అంచు పట్టుకుని అమ్మ కళ్లు తుడిచింది.