రెండో జత పైజామా

సంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. ఆమె ఒక్కో వస్తువూ అందులో పెట్టి, మళ్లీ బయటికి తీసి చూసి, మళ్లీ పెడుతోంది. నా తువ్వాలు, నా దువ్వెన, నా బీపీ మాత్రలు అని పైకే అనుకుంటోంది. పోయినేడు జరిగిన పొరపాటు ఈసారి జరగకూడదు.

నలభై మూడేళ్లుగా ఆ ఇంట్లో సంచులన్నీ ఆమే సర్దింది. ఆయన వంతెనల ఇంజనీరు. నెలలో సగం రోజులు ఎక్కడో ఒక నది పక్కన ఉండేవాడు. ఆయన సంచి, ఇద్దరు ఆడపిల్లల హాస్టల్ సంచులు, అత్తగారి ఆసుపత్రి సంచి, అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. ఎవరు బయల్దేరినా బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడేది. చేరామని కబురు వచ్చేదాకా ముద్ద దిగేది కాదు. ఆమెకు ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ కాన్పుకని చిన్న సంచి పట్టుకుని వెళ్లింది. సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. అప్పటినుంచీ జిప్పు చప్పుడు వింటే చాలు, ఆమె గుండెలో ఏదో జారినట్టుంటుంది.

పోయినేడు మోకాళ్లు మొరాయించాయి, నిద్ర కరువైంది. పది రోజుల యోగా శిబిరానికి వెళ్లి రమ్మంది డాక్టరమ్మ. "ఇల్లు ఊడుస్తావు, తుడుస్తావు, బట్టలు ఆరేస్తావు. అంతకంటే యోగా ఏముంటుంది?" అన్నాడాయన. అత్తగారు బతికున్న రోజుల్లో ఆ మాటే ఇంకోలా అనేది: "వంటింట్లో నిలబడేదానికి వేరే కసరత్తెందుకు?" ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వరండాలో అరగంట ఆసనాలు వేసేవాడు. చాప పరిచేదీ చుట్టేదీ ఆమే. ఆయన కళ్లు మూసుకుని కూర్చుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆయన మనశ్శాంతి కోసం ఆమె ఏళ్ల తరబడి మునివేళ్ల మీద నడిచింది. బహుశా మోకాళ్లు పోయింది అందుకేనేమో.

అయినా వెళ్లింది. శిబిరంలో ఇద్దరికో గది. మంచం మీద సంచి తెరిస్తే ఆయన పైజామాలు నాలుగు, బనియన్లు, గడ్డం గీసుకునే సామాను, ఆయన కళ్లజోడు తుడుచుకునే గుడ్డ. ఒక్క మాత్రలు తప్ప ఆమెవంటూ ఏమీ లేవు. బుర్ర ఎక్కడో ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

పక్క మంచం మీద డెబ్భై దాటిన ఒకావిడ, దర్జీ, కూర్చుని ఇదంతా చూస్తోంది. "ఏం వదినా, రావద్దంటే మొగుణ్ణి సంచిలో పెట్టుకొచ్చావా?" అంది. ముక్కూ మొహం తెలియని మనిషి. వదినా అని పిలిస్తే ఎంత ఎగతాళైనా చేయొచ్చని ఆవిడ లెక్క. ఆ సాయంత్రమే తన సంచిలోంచి సూదీ దారం తీసి, పైజామాల నడుం బిగించి, పొడుగు తగ్గించి, మిగిలిన గుడ్డతో పడుకున్నప్పుడు కళ్లమీద వేసుకోవడానికి మెత్తటి పట్టీ కూడా కుట్టి ఇచ్చింది.

పొద్దున ఒక తరగతిలో ఊపిరి పీలుస్తూ ఒక ఆసనం, వదులుతూ ఇంకోటి, ఆగకుండా వరుసగా వేసేవాళ్లు. చెమటలు పట్టేవి. అది కుర్రవాళ్లకు, గుండెకు మంచిదట. మోకాళ్ల నొప్పులవాళ్లకు కుర్చీలో కూర్చుని చేసే తరగతి. మధ్యాహ్నం ఇంకో రకం: నడుం కింద దిండు, తొడ కింద దుప్పటి పెట్టుకుని, బిగుసుకున్న కండ దానంతటదే వదిలేదాకా అలాగే ఉండిపోవడం. సాయంత్రం మౌనంగా నడక. మడమ ఎప్పుడు ఆనింది, వేలు ఎప్పుడు లేచింది అని గమనిస్తూ నడవాలి. నడవడం కూడా ఒకరు నేర్పాలా అనుకుంది ఆమె. నాలుగడుగులు వేశాక తెలిసింది, చేతిలో ఏమీ పట్టుకోకుండా తను నడిచి ఎన్నేళ్లయిందో.

అన్నిటికన్నా కష్టమైంది చివర వెల్లకిలా పడుకోవడం. మొదటిరోజు సగంలో లేచి పక్కవాళ్ల చాపలు చుట్టడం మొదలుపెట్టింది. "అమ్మా, ఇప్పుడు మీ పని పడుకోవడమే," అని టీచరు చెవిలో చెప్పి మళ్లీ పడుకోబెట్టింది.

మూడోరోజు ఆయన ఫోను. టీపొడి ఎక్కడుంది, ఉప్పు ఏ డబ్బాలో ఉంది అని అడిగి, "ఇక చాల్లే, రేపు బస్సెక్కెయ్" అన్నాడు. ఆమె సరేననబోయింది. దర్జీ వదిన పక్కనుంచి గట్టిగా, అవతలికి వినబడేలా అంది: "డబ్బాల మూతలు ఆయన్నే తిప్పి చూసుకోమను వదినా. మణికట్టుకు మంచిది."

ఆమె నవ్వాపుకోలేక ఫోను పెట్టేసింది. అలా శిబిరంలోనే ఉండిపోయింది. ఆరోరోజు వెల్లకిలా పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది. ఇంటికి తిరిగొచ్చాక చెయ్యి ఆనించకుండా కింద నుంచి లేస్తోంది. దిగులు పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులుతుంది. దిగులు పక్కనే కూర్చుంటుంది, పీక పట్టుకోదు.

"వచ్చే ఏడు ఇదే గది, ఇదే కిటికీ. నాకు మాటిచ్చావు," అని శిబిరం ఆఖరిరోజు బస్సులోంచి చెయ్యూపింది దర్జీ వదిన. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె నిలబడే ఉంది.

ఇప్పుడు ఆయన గుమ్మంలోకి వచ్చాడు. చంకలో చాప, తనే చుట్టుకున్నట్టున్నాడు, వంకరగా ఉంది.

"ఈసారి ఆవిడ ఉండదుగా. ఒక్కదానివీ అక్కడేం చేస్తావు?" అన్నాడు మెల్లగా.

పది రోజులుగా ఆమె కూడా తనను తాను అడుగుతున్న ప్రశ్న అది. ఆ గదిలో ఆ రెండో మంచాన్ని ఎలా చూడాలి? బీరువా తెరిచి, ఆయన నీలం గీతల పైజామా తీసి సంచిలో పెట్టింది.

"అదిగో, మళ్లీ పొరపాటు. అది నాది."

"పొరపాటు కాదు. ఆ మంచానికి ఎవరో కొత్తావిడ వస్తుంది. ఆవిడ సంచిలో ఎవరి బట్టలున్నాయో ఏమో." పైన సూదీ దారం పెట్టింది.

"మరి నాకు?"

"కొట్లో కొనుక్కోండి."

ఆయన నడుం చుట్టూ చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "నా నడుం కొలతెంత?"

"టేపు సొరుగులో ఉంది," అని జిప్పు లాగింది. గుండెలో ఏదో జారింది. నాలుగు అంకెలు ఊపిరి పీల్చి, ఆరు అంకెలు వదిలింది.

ఆటోలో కూర్చుని వెనక్కి చూస్తే ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "చేరగానే ఫోన్ చెయ్యి," అన్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆయన లోపలికి వెళ్లలేదు.

దర్జీ వదిన మళ్లీ ఆ శిబిరానికి రాలేదు. పోయిన ఆగస్టు పంతొమ్మిదో తేదీ, మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు, మిషను మీద సగం కుట్టిన గౌను ఉండగానే ఆవిడ పోయింది.