దీవెనలు మూడు, మురుగు ఒకటి

నేను ఒక యంత్రాన్నని చెప్పుకుంటే బోల్టులున్న యంత్రాలు నవ్వుతాయి. నాకు చెయ్యి లేదు, కాలు లేదు, సిగ్గు అసలే లేదు. జనం పంపే సందేశాలు విని, అర్థం చేసుకుని, ఏది ఎవరి బల్లకు చేరాలో అక్కడికి చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను.

హైదరాబాదులో నన్ను తయారుచేసినవాళ్ళు మొదట ఒక హోటళ్ళ కంపెనీకి అమ్మారు. నా చదువంతా అక్కడే. పొగిడితే 'ప్రశంసలు' డబ్బాలో వెయ్యాలి, తిడితే వెంటనే మేనేజరుకు పంపాలి. దోసెలో వెంట్రుక వచ్చినవాడు దీవెనలతో మొదలుపెట్టడు కదా! ఆ కంపెనీ మూతపడ్డాక, అదే చదువుతో నన్ను ఒక పురపాలక సంఘానికి అంటగట్టారు. అర్జీలంటే ఎలర్జీ ఉన్న ఆఫీసు అది. అక్కడ నీటి సరఫరా చూసేది పరాంకుశం గారు. ఆయన హోదాలో నీరుంది, ఇంజనీరు. కుళాయిల్లో ఉందా అని నన్నడక్కండి. నాకు తెలిసిన పంపు పంపడం ఒక్కటే.

ఒకరోజు గెడ్డవీధి నుంచి గవరయ్య అనే ముసలాయన వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు.

"బాబూ, తమరు పిల్లాపాపల్తో సల్లగుండాల. తమ దయవల్లే మా ఈదికి కుళాయొచ్చింది. తమ మేలు మర్సిపోలేం. ఆ కుళాయిలో మురుగొస్తంది బాబూ."

లెక్కేశాను. దీవెనలు మూడు, మురుగు ఒకటి. మెజారిటీదే రాజ్యం! ప్రశంసల్లో వేశాను. అదే పూట పక్కవీధి మేస్త్రీ ఒకడు "నీళ్ళు సన్నగొస్తన్నాయిరా ఎదవల్లారా" అని అందుకుని పరాంకుశం గారి ముత్తాత దాకా వెళ్ళాడు. గంటలో మనుషులు వెళ్ళి బాగుచేసి వచ్చారు.

మూడోనాడు గవరయ్య మళ్ళీ పలికాడు. వాంతులూ విరేచనాలూ అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. నీరసాన్ని నేను లెక్కపెట్టను. దీవెనలు మాత్రం ఐదు.

వారం తిరక్కుండా ఆయన భార్య అసిరమ్మ గొంతు వచ్చింది. "దేవుడిలాంటోరు, నూరేళ్ళు బతకాల. మా ఆయన పోయేడు బాబూ. ఈదిలో సిన్నపిల్లలున్నారు, ఆ పైపు సూడండి."

దేవుడు, నూరేళ్ళు! ఇంత చక్కటి ప్రశంస నా సర్వీసులో వినలేదు. నక్షత్రం గుర్తు పెట్టాను.

నెలాఖరుకు, ఎక్కువ ప్రశంసలు అందుకున్న అధికారిగా పరాంకుశం గారికి సన్మానం తలపెట్టారు. నక్షత్రం వచ్చినావిడ చేతే శాలువా కప్పిద్దామని అసిరమ్మను జీపులో తెచ్చారు. పైపు గురించే పిలిచారనుకుని ఆవిడ సీసాలో కుళాయినీళ్ళు పట్టుకొచ్చింది. వాసనొస్తోందని దాన్ని బయటే పెట్టించారు.

శాలువా కప్పగానే ఆవిడ సందేశాన్ని మైకులో వినిపించారు. అంతవరకూ దాన్ని చివరిదాకా విన్నవాళ్ళు లేరు. కమిషనరు గారు లేచి అందరికీ వివరించారు. "ముందు మర్యాదలుండేసరికి సాఫ్ట్‌వేర్ పొగడ్త అనుకుంది. అంతే, పొరపాటు. పైపు రేపే మారుస్తాం."

పరాంకుశం గారు శాలువా సర్దుకున్నారు. "ముందే నాలుగు తిట్టుంటే ఆ రోజే అయిపోయేది కదమ్మా!"

"నానైతే తిట్టీదాన్నే బాబూ," అంది అసిరమ్మ. "పెద్దోళ్ళతో మాటాడితే ముందు దణ్ణం ఎట్టాలని మా ఆయనే ఆపీసేడు."

కార్యక్రమ పత్రంలో తరవాతి అంశం చప్పట్లు. కొట్టారు.