తలకిందుల అంకెలు

నేను ఒక గాజు సీసాను. నా ఒంటిమీద అంకెలన్నీ తలకిందులుగా ఉంటాయి. అచ్చు వేసినవాడి పొరపాటేమీ కాదు. నన్ను తలకిందులుగా వేలాడదీస్తేనే మనుషులకు నాతో పని.

ఫ్యాక్టరీలో నా కడుపు నిండా అమైనో ఆమ్లాల ద్రవం పోసి, రబ్బరు మూత బిగించారు. పప్పు తిన్నా, చేప తిన్నా పొట్టలో చివరికి తేలేవి ఇవే. జనం మాత్రం నన్ను "బలం సీసా" అంటారు. కాస్త నీరసమొస్తే చాలు, అడిగి మరీ ఎక్కించుకుంటారు.

విశాఖలో ఒక ఆసుపత్రి. ఉదయం ఏడు గంటలు. స్ట్రెచర్ మీద ఎర్నాయుడు, లేతు మిషన్ పనివాడు. గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ గది గుమ్మంలో అతని అక్క పైడితల్లి, నర్సు చేతిలో నన్ను చూసి అడ్డం నిలబడింది.

"బలం సీసా ఇప్పుడెందుకమ్మా? మత్తులో ఉన్నోడికి దండగ. లేచాక పెట్టండి."

మత్తు డాక్టరు కమలజ విసుక్కోలేదు. గుండెను ఆపి యంత్రంతో రక్తం తిప్పేటప్పుడు కిడ్నీకి ఆక్సిజన్ తగ్గుతుందని, ఈ మందు కిడ్నీకి రక్తం బాగా అందేలా చూస్తుందని, పూర్తి భరోసా ఇవ్వలేనని చెప్పింది.

పైడితల్లి పక్కకు జరిగింది. "జాగర్తమ్మా. వాడికి ఒక్కటే ఉంది. రెండోది నా కడుపులో ఉంది."

ఆరేళ్ల కిందట ఇచ్చాడట. "తిరిగి అడగన్లే అప్పా," అన్నాడు ఎర్నాయుడు అక్కతో.

గుండె ఆగింది. యంత్రం తిరిగింది. నేను చుక్క చుక్కగా ఖాళీ అయ్యాను. గుండె మళ్లీ కొట్టుకుంది. నా తర్వాత ఇంకో సీసా ఎక్కింది. లెక్క కోసం నన్ను అతని మంచం పక్కనే ఉంచారు.

మర్నాడు అతని ముఖం ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ మంచం కింది మూత్రం సంచీ మీదే. అది నిండుతోంది. రక్త పరీక్ష కూడా బాగుందన్నారు. పైడితల్లి ఆ సంచీకి రెండు చేతులూ జోడించింది. నా వల్లేనా? చెప్పలేను. కానీ నన్నూ ఒక చెయ్యి వెయ్యనిచ్చారు. అందుకు రుణపడి ఉన్నాను.

ఇంటికి పంపేటప్పుడు నీళ్లు కొలిచి తాగాలన్నారు. పైడితల్లి నర్సును బతిమాలి నన్ను తెచ్చుకుంది, మరిగే నీళ్లలో కడిగింది.

ఇప్పుడు గాజువాకలో ఆమె వంటగది అరలో నిటారుగా నిలబడ్డాను. రోజూ మెడ వంచి నా గీతల పక్క అంకెలు చదివి తమ్ముడికి నీళ్లు కొలుస్తుంది. వేలాడినప్పుడు ఆ గీతలు నాలోంచి ఎంత పోయిందో చెప్పేవి. నిలబెట్టాక అవే గీతలు, నాలో ఎంత ఉందో చెబుతున్నాయి.