పన్నెండు సెకన్ల టాప్

మరిది తన కొత్త కారు తెచ్చి మా షెడ్డులో మా ఆయన పాత కారు పక్కన ఆపాడు. రెండూ టాప్ తీసేసి తిరిగే కార్లే. పాతదానికి రెండే సీట్లు, పొడుగాటి ముక్కు. దాని గుడ్డ టాప్ నేనే కుట్టాను. కారు సీట్లు, కవర్లు కుట్టడమే నా పని. వారం నుంచి ఎడమ చూపుడు వేలు వంగడం లేదు. వానలో టాప్ బిగించడం ఆలస్యం చేశానని, నా వేలు సందులో ఉండగానే ఆయన తలుపు వేసేశాడు.

"తలుపు పడింది" అని అందరికీ చెప్పుకున్నాను.

"చూడు వదినా, ఈ బటన్ నొక్కి పట్టుకోవడమే. పన్నెండు సెకన్లు. వదిలితే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది" అన్నాడు మరిది.

"ఇది కారా, బట్టలుతికే మిషనా?" అన్నాడు ఆయన. "కారంటే స్టీరింగ్ చేతులతో పోట్లాడాలిరా."

"నీ కారెక్కితే మూడు రోజులు నడుం పట్టేస్తుంది అన్నయ్యా! వాన కూడా లోపలే కురుస్తుంది."

"అయితే పందెం. నీ బటనా, మా ఇద్దరి చేతులా?"

పాత టాప్ ఒక్కరి వల్ల కాదు. ఇనుప బద్దలు నిలబెట్టి, చెరో పక్క నుంచి గుడ్డ లాగి, పద్నాలుగు టిచ్ బటన్లు నొక్కాలి. నా వంతు ఏడు.

నేను మూడోదాని దగ్గర ఉండగానే కొత్త టాప్ మూసుకుంది. మరిది దాన్ని మళ్ళీ తెరిచి, "ఏడవకు అన్నయ్యా, టీ పెట్టుకొస్తా" అని నవ్వుతూ ఇంట్లోకి వెళ్ళాడు.

ఆయన నవ్వలేదు. ఒక ఇనుప బద్ద ఊడబెరికి నా భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ దవడ మీద పడింది. నోరంతా రక్తం. నా కుడి చెయ్యి లాగి తలుపు సందులో పెట్టాడు.

"ఒక వేలు సరిపోలేదు కదూ నీకు!"

కత్తెర పట్టే చెయ్యి అది. అది పోతే ఎక్కడికెళ్ళినా నాకు బతుకు లేదు. మోకాలెత్తి పొత్తికడుపులో పొడిచాను. పట్టు సడలగానే పరిగెత్తి కొత్త కారులో పడి తలుపు వేసుకున్నాను. తాళం దానికే ఉంది.

ఆయన వచ్చి ఒక చేత్తో ముందు అద్దం పైఅంచు పట్టుకుని, రెండో చేత్తో నా జుట్టు అందుకున్నాడు.

"దిగవే!"

వంగని వేలితో బటన్ నొక్కాను.

పాత టాప్ అయితే కీచుమని అరిచేది, ఆయన చెయ్యి తీసుకునేవాడు. కొత్తది చప్పుడే చెయ్యలేదు. ఆయన చూపు నా మీదే ఉంది. టాప్ ఆయన వేళ్ళ దాకా వచ్చింది. వదిలితే ఆగిపోతుందని నాకు తెలుసు.

వదల్లేదు.

ఎముకలు విరిగిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆ తర్వాత ఆయన అరుపు.

మరిది పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఏమైంది వదినా? టాప్ దానంతటదే పడిందా?"

అవునంటే సరిపోయేది. అలా చెప్పడం నాకు అలవాటే.

"నేనే నొక్కాను" అన్నాను.